యాభై అడుగుల నీళ్ళూ, మా అమ్మ షవరూ

చెల్లీ, నిజం చెప్పు. పాత బాత్రూం బాగుచేయించాలని మనసులో పడగానే మనం మొదట పరిగెత్తేది ఎక్కడికి? టైల్స్ షాపుకి. ఆకుపచ్చదా, చందనం రంగుదా అని ఓ పూటంతా తేల్చుకోలేక, చివరికి సీలింగుకి వేలాడుతున్న పే...ద్ద షవర్ ఒకటి చూసి "ఇది మాత్రం ఉండాల్సిందే" అని వేలు చూపించి వచ్చేస్తాం. డాబా మీద ట్యాంకు ఎంతెత్తున ఉందో, గోడలో గొట్టం ఏ కాలం నాటిదో ఒకసారి చూసుకుని షాపుకెళ్ళిన ఆడపిల్లని నేనింతవరకు చూడలేదు. మగవాళ్ళ సంగతంటావా, వాళ్ళు షాపుదాకా కూడా రారు. ఫోన్లో ఫొటో పంపమంటారు.

మా అమ్మ ఉండేది రాజాం పక్క పల్లెలో. 2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లా. ఇల్లు కదల్లేదు గాని జిల్లా కదిలింది. మనవైపు పల్లెల్లో ఇళ్ళెలా ఉంటాయో నీకు వేరే చెప్పాలా? వీధి పొడుగునా గోడకి గోడ ఆనించి కట్టేస్తారు. ముందు వీధరుగు, లోపల ఒకదాని వెనక ఒకటి గదులు, ఆ చివర్న పెరడు. పెరట్లో నూతి పక్కన నాన్న కట్టించిన నీళ్ళగది. ఆయన ముచ్చటపడి ఆ రోజుల్లోనే షవర్ పెట్టించాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసివెళ్ళారు కూడా. కొన్నాళ్ళు బాగానే కురిసింది. తర్వాత సన్నబడింది. తర్వాత చుక్కలు. ఆ తర్వాత అమ్మ దానికి తడిబట్టలు తగిలించడం మొదలుపెట్టింది.

అమ్మకిప్పుడు మోకాళ్ళ నొప్పులు. నిండు బకెట్టు లేపలేదు, వంగి చెంబు ముంచలేదు. గచ్చేమో పాచి పట్టి జారుతోంది. హీటర్ రాడ్ బకెట్లో వేసి నీళ్ళు కాచుకుంటోందని తెలిసిన రోజున నాకు నిద్ర పట్టలేదు. వైజాగ్‌లో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేశాను. గంటలోపే వాట్సాప్‌లో వాన కురిసినట్టు పడే షవర్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. అడుగు చదరం పలకలు, పక్కగోడల్లోంచి కూడా నీళ్ళు చిమ్మేవి, పాటలు పాడేవి!

మమ్మల్ని నేలమీదకి దించింది నా మేనకోడలు. ఇంజనీరింగ్ చదువుతోంది. టేపు పట్టుకుని డాబా ఎక్కింది, దిగింది, "అత్తా, ట్యాంకు అడుగుకీ షవర్ తలకీ మధ్య నాలుగడుగులే. ఇంక నీళ్ళెలా పడతాయి?" అంది. లెక్క చాలా చిన్నది చెల్లీ, నువ్వూ వేసుకోవచ్చు. నీటికి ఒక్కో మీటరు ఎత్తుకి సుమారు 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. నాలుగడుగులంటే మీటరుకి కాస్త ఎక్కువ, అంటే 0.12 బార్. అన్నయ్య పంపిన షవర్ల పెట్టెల మీద చూస్తే కనీసం అర బార్, కొన్నిటికి ఒక బార్ కావాలని రాసుంది. మరి పెద్ద పలకకి చిన్న ఒత్తిడి పెడితే ఏమవుతుంది? మధ్యలో నాలుగు ధారలు కారతాయి, అంచులు పొడిగా ఉంటాయి. అపార్టుమెంట్లలో ఆ సొగసులు నడుస్తున్నాయంటే వాటి పైన అంతస్తులున్నాయి, లేదా పంపు ఉంది. మనది ఒక్క అంతస్తు డాబా.

అప్పుడా పిల్లే గుర్తుచేసింది, విజయనగరం కోటలో ఔద్‌ఖానా సంగతి. నువ్వు చూశావో లేదో. 1713లో శంకుస్థాపన అయిన కోట అది. మోతీమహల్ ముందు నిలబడి ఫొటోలు దిగుతాం గాని ఈ కట్టడాన్ని ఎవరూ పట్టించుకోరు. పూల్‌బాగ్ ప్యాలెస్ పక్కన రాతితో కట్టిన ఎనిమిది పలకల బురుజు, 50 అడుగుల ఎత్తు. లోపల సుడి తిరిగే మెట్లు, అవి ఎక్కితే నీళ్ళ తొట్టి. ఇదంతా దేనికనుకున్నావు? రాజావారి స్నానానికి! నూతి నీళ్ళు పైకి ఎక్కించేవారు, అక్కణ్ణుంచి కిందికి. 50 అడుగులంటే పదిహేను మీటర్లు, ఒకటిన్నర బార్. ఇవాళ షోరూంలో అమ్మే ఖరీదైన షవర్‌ని తీసుకెళ్ళి ఆ బురుజు అడుగున బిగిస్తే చక్కగా పనిచేస్తుంది. రాజావారికి టైల్స్ ఎలాంటివి వేశారో నాకు పట్టదు. ఆయన మేస్త్రీలు ముందు ఎత్తు చూశారు, నాకు నచ్చింది అదీ.

లండన్‌లో విలియం ఫీతమ్ అని పొయ్యిలు తయారుచేసే ఆయన 1767లో షవర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అందులోనూ అంతే. చేతిపంపుతో నీళ్ళు నెత్తిమీది తొట్టిలోకి కొట్టుకోవాలి, గొలుసు లాగితే మీదపడతాయి. పాపం, మొత్తం ఒక్కసారే పడేవి, అదీ చన్నీళ్ళు. కాని ఆయనకీ, మన రాజావారికీ తెలిసిన ముక్క మా ఇంట్లో అందరం మర్చిపోయాం: షవర్ పని డాబా మీద మొదలవుతుంది.

అందుకే మేం టైల్స్ పక్కన పెట్టి ముందు ట్యాంకు ఎత్తించాం. 500 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళ బరువే 500 కిలోలు. దాన్ని పాత శ్లాబు నడిమధ్యన పెట్టకూడదు, కింద గోడ ఉన్నచోట మూలకి జరపాలి. వెల్డింగ్ షాపులో ఇనప స్టాండు చేయించి పెడితే, షవర్ తల నుంచి పది అడుగుల ఎత్తు వచ్చింది. 0.3 బార్. రాజభోగం కాదు గాని మామూలు షవర్‌కి చాలు. ఇక్కడ మా పక్కింటి మావయ్య ఒక మంచి మాట అన్నాడు. "గాలివానొస్తే ఎగిరిపోద్ది, కట్టండర్రా" అని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018లో అదే నెల 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ... మనవాళ్ళకి ఇవి కేలండర్లో తేదీలు కావు కదా. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరిచెట్లే నిలవలేదు, ప్లాస్టిక్ ట్యాంకెంత? స్టాండుకి ఇనప పట్టీతో బిగించాం. తుపాను హెచ్చరిక వస్తే ట్యాంకు నింపేయాలి. బరువుకి బరువు, కరెంటు పోయాక నీళ్ళకి నీళ్ళు.

ఇక మనుషుల దగ్గరకొద్దాం. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, హైదరాబాదులో టైల్స్ పని చేస్తాడు. మన ఉత్తరాంధ్ర నుంచి తాపీ పట్టుకుని హైదరాబాదుకీ, చెన్నైకీ, బెజవాడకీ వెళ్ళిన కుర్రాళ్ళు ఎంతమందో నీకు తెలుసు. పెద్ద పెద్ద టవర్లలో ముప్ఫయ్యో అంతస్తు బాత్రూములు వీళ్ళ చేతుల మీదే తయారవుతాయి. అలాంటి చేతులు ఇంట్లో పెట్టుకుని బయట మేస్త్రీని ఎందుకు వెతుక్కోవాలి? ఫోన్ చేస్తే "అప్పా, పండక్కి వొస్తాను గదా, అప్పుడు సేసీద్దాం" అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "ధనుర్మాసంలో గోడలు కొట్టీస్తారేటి? శూన్యమాసం. నాను బతికుండగా జరగదు."

"పెద్దమ్మా, నాకు సెలవు అప్పుడే దొరుకుతాది మరి."

"దొరక్కపోతే మానీ. నాకు చెంబు ఉంది."

ధనుర్మాసానికి నెల గంట పెట్టేది డిసెంబర్ 16 ప్రాంతంలో కదా. రాజీ కుదిర్చింది మా వదిన. పగలగొట్టే పనీ, గొట్టాల పనీ నెల గంటకి ముందే పూర్తి. టైల్స్ కనుమ వెళ్ళాక. మధ్యలో నెల్లాళ్ళు గోడలు, గచ్చు ఆరుతుంటాయి. నాకు తెలిసి శాస్త్రమూ సిమెంటూ ఇంత చక్కగా కలిసొచ్చిన పని మరొకటి లేదు. తొందరపడి తడి గచ్చు మీద టైల్స్ పరిచేవాళ్ళు అమ్మ దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి.

పగలగొట్టిన రోజున పాత గొట్టం బయటపడింది. అరంగుళం ఇనప గొట్టం. మా బావ రంపంతో కోసి చూపిస్తే లోపల తుప్పూ, బోరునీళ్ళ సున్నమూ గట్టిపడిపోయి పెన్సిల్ దూరేంత కంత మిగిలింది. ఇన్నాళ్ళూ షవర్‌ని తిట్టుకున్నాం. కొత్తగా ట్యాంకు నుంచి అంగుళం గొట్టం దింపి, బాత్రూం గోడ దగ్గర ముప్పావుకి తగ్గించి, షవర్‌కి మాత్రం అరంగుళం ఇచ్చాం. వంపులు ఎన్ని తగ్గితే అంత మంచిది, ప్రతి వంపూ కాస్త ఒత్తిడి తినేస్తుంది. వేడినీళ్ళ లైనుకి సీపీవీసీయే వాడాలి సుమా. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది. గొట్టాలు గోడలో పూడ్చేముందు చివర్లు బిగించి, పంపుతో ఒత్తిడి పెట్టి, రాత్రంతా వదిలి చూడమని ప్లంబర్‌ని అడుగు. "అక్కర్లేదమ్మా, నా పని నాకు తెలుసు" అంటాడు. తెలిసినా సరే, చూడమను. టైల్స్ వేశాక కారితే వాడు రాడు.

ఆ నెల్లాళ్ళూ అమ్మ స్నానం పక్కింటి అత్తావాళ్ళ నీళ్ళగదిలో. ఉమ్మడి గోడ ఇళ్ళలో ఇదో మేలు, అదే గోడతో ఓ బాధ కూడా. మా బాత్రూం చెమ్మ వాళ్ళ వంటింటి గోడ మీద ఏళ్ళ తరబడి మచ్చలు పెడుతోందట. ఆవిడ ఎన్నడూ నోరెత్తలేదు. గోడ పగలగొట్టాక చెప్పింది, "ఇప్పుడన్నా సరీగా కట్టండమ్మా" అని. అంచేత వాటర్‌ప్రూఫింగ్ దగ్గర పిసినారితనం చెయ్యలేదు. గచ్చంతా, షవర్ వైపు గోడలకి ఆరడుగుల ఎత్తు వరకు రెండు పూతలు. మొదటిది అడ్డంగా పూస్తే రెండోది నిలువుగా. గోడా గచ్చూ కలిసే మూలల్ని ముందే సిమెంటుతో గుండ్రంగా తిప్పించాలి, పగుళ్ళు పుట్టేది అక్కడే. ఆరాక నహానీ ట్రాప్ మూతి గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్ గీత గీసి ఒక రోజంతా వదిలేశాం. "మంచి నీళ్ళు అలగ పారబోస్తారేటి" అని అమ్మ గొణుగుడు. గీత దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. మాకు గొట్టం గచ్చులోంచి బయటికొచ్చే చోట కాస్త దిగింది. అక్కడ మళ్ళీ పూసి, మళ్ళీ నింపాం. పక్కింటి అత్త రోజుకి రెండుసార్లు వచ్చి తన గోడని అరచేత్తో తడిమి చూసుకునేది. ఇంజనీరు సంతకం కన్నా నాకు ఆవిడ తడిమి చూడటం మీదే నమ్మకం.

పండగ వెళ్ళింది. ముక్కనుమ నాడు మాంసం కూర తిని తమ్ముడు పని మొదలెట్టాడు. పని చేస్తున్నంతసేపూ వాణ్ణి చూడాల్సిందే. రసమట్టం పెట్టి, దారం కట్టి, షవర్ కింద అడుగుకి పావంగుళం చొప్పున ట్రాప్ వైపు వాటం తీశాడు. "వాటం గచ్చులోనే రావాలప్పా, టైల్‌తో తిప్పుదామంటే రాదు" అన్నాడు. నేను మోజుపడిన రెండడుగుల పలకల్ని వాడే వద్దన్నాడు. పెద్ద టైల్ నాలుగు వైపులా వాలదు, ఏదో మూలన నీళ్ళు నిలుస్తాయి. చిన్నవి, గరుకువి, అడుగు చదరంవి తెచ్చాం. అతికించాక ఆరిన ప్రతి టైల్ మీదా నాణెంతో కొట్టి విన్నాడు. డొల్లగా మోగినవి పీకి మళ్ళీ వేశాడు. సందుల్లో ఎపాక్సీ నింపించాం. ఖరీదెక్కువే, కాని పాచి పట్టదు, బోరునీళ్ళకి తినెయ్యదు.

గడప దగ్గర పెద్ద రభసే అయింది. టెక్కలి గ్రానైట్ మన పాత జిల్లాదే కదా, నిగనిగలాడే నీలి పలక ఒకటి గడపకి వేద్దామని అన్నయ్య పట్టు. మెరుగు పెట్టిన గ్రానైట్ మీద సబ్బునీళ్ళు పడితే ఎవరు నిలబడతారు? చివరికి గడపే తీసేశాం. గది లోపల అరంగుళం కిందికి దించి వాటం ఇస్తే నీళ్ళు బయటికి రావు, అమ్మకి కాలెత్తే పని లేదు. అన్నయ్య మనసు నొచ్చుకోకుండా అదే రాయిని మెరుగు లేకుండా గరుకుగా కోయించి గోడవారన కూర్చునే అరుగు చేయించాం, పద్దెనిమిది అంగుళాల ఎత్తు. దాని పక్కన పట్టుకునే కడ్డీ. తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకుని లేద్దామనుకునేవాళ్ళు ఉన్నారు, అది ఊడి చేతికొస్తుంది. దీనికి వేరే గట్టి స్టీలు కడ్డీ, పొడుగాటి యాంకర్ బోల్టులు. మన పాత ఇళ్ళ మట్టిగోడలు బోల్టుని పట్టవు, ఆ భాగం వరకు ఇటుక, సిమెంటుతో కట్టుకోవాల్సిందే.

తలుపు మాత్రం వదిన పేరున రాయాలి. "లోపల పడిపోతే తలుపుకి అడ్డంగా పడతారు, లోపలికి తెరుచుకునే తలుపుని బయటి నుంచి ఎలా తోస్తాం?" అని అడిగింది. అందరం నోరు మూసుకున్నాం. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చి, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాం. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది షవర్ కంటే ముఖ్యం. ఇంకేమీ మార్చలేకపోయినా ఇదొక్కటీ మార్చు.

కరెంటు పని మా బావది. రాడ్‌ని ఆయన ఇంట్లోంచే పట్టుకుపోయాడు, మళ్ళీ అమ్మ చేతికి దొరక్కుండా. 15 లీటర్ల గీజరు, దానికి వేరే వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, స్విచ్ గది బయట. బొగ్గూ ఉప్పూ వేసి కొత్త ఎర్తు గొయ్యి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. కరెంటు కాస్త దారి తప్పినా అది టక్కున పడిపోతుంది. గీజరు ఎప్పుడూ ట్యాంకు అడుగుకంటే బాగా కింద ఉండాలి, లేకపోతే వేడినీళ్ళు సన్నగానే వస్తాయి.

షవర్? చిన్న తల ఉన్నది ఒకటి, పక్కన చేతిలోకి తీసుకునే హ్యాండ్ షవర్ ఒకటి. అమ్మకి తల మీద కురిసేది నచ్చలేదు, "జడివాన్లో నిలబెట్టినట్టు" అంది. అరుగు మీద కూర్చుని హ్యాండ్ షవర్ వాడుతోంది. బకెట్టు కుళాయి, మూలన సిమెంటు గోలెం తీయనివ్వలేదు, నేనూ తీయమనలేదు. తుపానుకి నాలుగు రోజులు కరెంటు పోతే మోటారు లేదు, ఏమీ లేదు. అప్పుడు గోలెమే గతి. బోరునీళ్ళకి షవర్ కన్నాలు మూసుకుపోతే యాసిడ్ పొయ్యకు. మెరుపు పోతుంది, టైల్ సందులు తింటుంది, బ్లీచింగ్‌తో కలిసిందంటే ప్రాణం మీదకొచ్చే వాయువు పుడుతుంది. తల విప్పి నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టు, పొద్దున్న పాత బ్రష్‌తో రుద్దు.

చివరగా డబ్బు సంగతి. ఇంట్లోవాళ్ళు చేశారు కదా, ఖర్చేముంది అంటారు అందరూ. తమ్ముడు కనుమ తర్వాత హైదరాబాదు వెళ్ళకుండా ఉండిపోయిన ప్రతి రోజూ వాడి కూలి పోయింది. కవరు చేతికిస్తే ముఖం ఎర్రజేసుకున్నాడు. "నన్ను కూలోణ్ణి సేసీసినావేటప్పా?" అన్నాడు. బతిమాలాను, తీసుకోలేదు. చుట్టం చేతిపని ఉచితం అనుకునే అలవాటు మనకి ఎంత లోతుగా ఉందంటే, చేసేవాడికీ అదే మర్యాదగా తోస్తుంది. నేనైతే ఒప్పుకోను. బట్టలు పెట్టి, చేతిలో పండు పెట్టి సరిపెట్టేది కాదు అది. నేనూ వదినా కలిసి ఆ డబ్బు పిన్ని ఖాతాలో వేసేశాం.

డబ్బు వెయ్యడానికి వెళ్ళిన రోజునే చూశాను పిన్ని పెరడు. నూతి గట్టు మీద నాలుగు తాటాకు తడికలు, ఒక బండరాయి. అదే ఆ ఇంటి నీళ్ళగది. ముప్ఫయ్యో అంతస్తులో ఊళ్ళోవాళ్ళకి వాన కురిపించే మేస్త్రీ తల్లి, చీకటి పడ్డాక స్నానం చేస్తోంది. మాకు మిగిలిన టైల్స్ పెట్టెలు రెండు, సీపీవీసీ ముక్కలు, ఇనప పట్టీ అక్కడికి పంపించేశాం. ఇక పిన్నికీ ఒక నీళ్ళగది కట్టాలి. ట్యాంకు స్టాండు ఖర్చు అన్నయ్యది, వైరింగు బావది, ఎత్తు లెక్క మేనకోడలిది. ఈసారి దసరాకి తమ్ముడు పైడితల్లమ్మ సిరిమాను చూడటానికి ఎలాగూ వస్తాడు, ధనుర్మాసం గొడవ కూడా ఉండదు. పునాది తవ్వే రోజుకి గునపం పట్టేందుకు ఒక మనిషి తక్కువున్నాడు. మీ ఆయనకి ఆ వారం ఖాళీయేనా చెల్లీ?